లంగరు వెనుక కొండలు

విశాఖపట్టణం నుండి అరకులోయకు పోయే రైలు శృంగవరపుకోట దాటిన తరువాత కొండ ఎక్కడం మొదలుపెడుతుంది. సొరంగం వెంట సొరంగం, లోయ వెంట లోయ. విహారయాత్రకు బయలుదేరిన బడిపిల్లలు కిటికీల దగ్గర గుమికూడుతారు. నడుమ ఏదో ఒక చిన్న స్టేషనులో బండి ఆగి ఎదురుబండికి దారి ఇస్తుంది. బైలదిల్లా కొండల ఇనుపరాయి నింపుకొన్న గూడ్సుబండి బరువుగా, నెమ్మదిగా సముద్రం వైపు దిగిపోతుంది. 1960 దశకంలో ఈ మార్గాన్ని వేసినది ముఖ్యంగా ఆ ఇనుపరాయి కొరకే. రేవు చేరిన రాయి ఓడలెక్కుతుంది. రేవులో చోటు దొరికేవరకు ఆ ఓడలు వెలుపలి సముద్రంలో లంగరు వేసి నిలిచి ఉంటాయి.

కొండకూ లంగరుకూ గల ఈ సంబంధం నిన్న మొన్న పుట్టినది కాదు. ఇనుపరాయి దిగకముందు, రైలు అనే మాట లేని కాలంలో కూడ తూర్పు కనుమలు ఓడలకు ఎంతో ఇచ్చినవి. గోదావరి ఒడ్డు కొండలు టేకు దూలాలిచ్చినవి. విశాఖ కొండలు తమ ఆకారాన్నే గుర్తుగా ఇచ్చినవి. ఈ తీరంలో ఓడ ఎట్లా నిలిచినదో తెలుసుకోవాలంటే ఇసుకమీద నిలబడి చూస్తే చాలదు; వెనుదిరిగి కొండలవైపు కూడ చూడాలి.

కొండ కనిపిస్తేనే తీరం

నడిసముద్రం నుండి వచ్చే ఓడకు ఆంధ్రతీరపు ఇసుక ముందుగా కనిపించదు. భూమి గుండ్రనిది, తీరం పల్లమైనది, కాబట్టి అది దిగంతం చాటున దాగి ఉంటుంది. ముందుగా కంటబడేవి నీలిగీత వంటి కనుమల వరుసలు. మరికొంత దగ్గరకు వస్తే సింహాచలం కొండ, సముద్రంలోకి మూతి చాచిన డాల్ఫిన్ నోస్, భీమునిపట్టణం దగ్గరి పావురాళ్ళకొండ ఒక్కొక్కటిగా విడివడి కనిపిస్తాయి. తీరానికి ఎంత దూరాన ఉన్నామో, ఏ ఊరి ఎదుట ఉన్నామో నావికుడు ఆ కొండలను చూసి చెప్పేవాడు.

లంగరు వేసిన తరువాత కూడ అతని చూపు కొండమీదనే. దగ్గరనున్న ఒక గుట్టను, దాని వెనుక దూరాననున్న ఒక శిఖరాన్ని ఒకే వరుసలో కనిపించేట్లు ఎంచుకుంటాడు. ఆ రెండూ వరుస తప్పక ఉన్నంతవరకు ఓడ ఉన్నచోటనే ఉన్నట్లు. శిఖరం గుట్ట ప్రక్కకు జరిగినట్లు తోచినదా, జరిగినది కొండ కాదు; ఓడ. అనగా లంగరు పట్టు విడిచి ఈడ్చుకొని పోతున్నదన్నమాట. ఈ తీరపు బెస్తలు నడిసముద్రంలో చేపలుండే చోటును గుర్తు పెట్టుకొనేది కూడ ఇట్లా కొండలను, చెట్లను జతపరచుకొనే.

ఈ జాగ్రత్త ఇక్కడ మరీ అవసరం. విశాఖపట్టణం రేవు 1933లో తెరచినారు. అంతకుముందు అక్కడ గాని, భీమునిపట్టణంలో గాని పెద్ద ఓడ లోపలికి వచ్చి ఒడ్డుకు ఆనుకొని నిలిచే వీలు లేదు. అది బట్టబయలు తీరం. ఓడ కొంత దూరాన లంగరు వేసి నిలిచేది. ఇనుపమేకు లేకుండ కొబ్బరితాడుతో పలకలు కుట్టిన మసూలా పడవలు విరుగుడు కెరటాలను దాటి పోయి సరకు దించి తెచ్చేవి. అట్టి చోట ఓడకు గోడ లేదు, గుమ్మం లేదు. అడుగున మట్టిలో దిగబడిన ఇనుము, దానిని ఓడకు కలిపిన మోకు, మోకును పట్టి ఉంచిన కొయ్యలు: ఇవే ఓడకు రేవు. భీమునిపట్టణానికి ఉత్తరాన చింతపల్లి దగ్గర నీటిలో దాగిన రాళ్లున్నవి. ఆ రాళ్ల భయం చేతనే 1847లో అక్కడి గుట్టమీద దీపస్తంభం నిలిపినారు. పట్టు తప్పిన ఓడకు ఒకవైపు ఇసుకమెట్ట, మరొకవైపు రాయి.

లంగరు పట్టే తీరు

లంగరు బరువు చేతనే ఓడ నిలుస్తుందని సామాన్యంగా అనుకుంటారు. బరువు కొంత పనిచేసే మాట నిజమే గాని, అసలు పని చేసేది లంగరు ఆకారం. పాతకాలపు లంగరుకు పొడవైన కాడ, దాని అడుగున విల్లువలె వంగిన రెండు చేతులు, చేతుల చివర చదునైన రెక్కలు, కాడ పైకొనన ఒక కడియం ఉంటాయి. కడియానికి దగ్గరగా ఒక పెద్ద అడ్డకొయ్య బిగించి ఉంటుంది. పెద్ద ఓడలలో దానిని రెండు దూలాలు జత చేర్చి ఇనుపపట్టీలు వేసి తయారు చేసేవారు. ఈ అడ్డకొయ్య చేతులున్న దిశకు సరిగా అడ్డంగా ఉంటుంది. కిటుకంతా అక్కడనే ఉన్నది. లంగరు అడుగు తాకగానే అడ్డకొయ్య నేలమీద వాలి పడుకొంటుంది. అది పడుకొంటే రెండు చేతులలో ఒకటి తప్పక క్రిందికి తిరుగుతుంది. ఓడ లాగినకొద్దీ ఆ చేయి మట్టిలోకి దిగుతుంది.

నాగలి ఎరిగిన వారికి దీనిని వేరుగా బోధించనక్కరలేదు. ఎడ్లు ముందుకు లాగినంతసేపు కర్రు నేలలో ఉంటుంది. మేడిని ఎత్తి పట్టితే పైకి వచ్చేస్తుంది. లంగరు కూడ అంతే. నేలవెంబడి లాగితే పట్టుతుంది, నిట్టనిలువుగా లాగితే ఊడుతుంది. అందుచేతనే నీటి లోతు పది బారలైతే మోకు పది బారలు విడిస్తే చాలదు. అంతకు ఎన్నో రెట్లు విడవాలి. గాలి హెచ్చినకొద్దీ ఇంకా విడవాలి. తీసేటప్పుడు దీనికి తలక్రిందుగా చేయాలి: మోకును చుట్టుకొంటూ ఓడను సరిగా లంగరు నెత్తిమీదికి తెచ్చి నిలువునా లాగాలి.

చెప్పడానికి ఇది సులభం. పెద్ద యుద్ధనౌక లంగరు నాలుగు టన్నుల పైమాట. నెల్సన్ సేనాని ఓడ విక్టరీకి వాడిన పెద్ద మోకు చుట్టుకొలత 24 అంగుళాలు. అనగా పెరిగిన పిల్లవాని నడుమంత లావు. అటువంటి మోకు ఒక్కొక్కటి నూరు బారలకు పైగా పొడవుండేది. తడిసి, బురద పట్టి పైకి వచ్చే ఆ మోకును మనుష్యుల చేతులు పట్టి ఆపలేవు. దానిని ఓడ ముందుభాగంలో వరుసగా అమర్చిన కొన్ని సామగ్రులే ఆపాలి. వాటిని గురించి చరిత్రగ్రంథాలు సాధారణంగా చెప్పవు.

ముకుతాడు, గుంజ, గానుగ

ఓడ ముక్కుకు రెండు ప్రక్కల గుండ్రని రంధ్రాలుంటాయి. మోకు బయటకు పోయేది వాటి గుండానే. ఎద్దు ముక్కుకు ముకుతాడు ఎట్లాగో ఓడకు ఇది అట్లాగు. మోకు కొయ్యకు ఒరుసుకొని అరిగిపోకుండ ఆ రంధ్రాలకు సీసపు రేకు తొడిగి, అంచులను గుండ్రంగా నునుపు చేసేవారు. అయినా మోకు ఒకేచోట ఒరుసుకొంటూ ఉంటే రాత్రి తెల్లవారేసరికి సగం తెగుతుంది. అందుచేత ఒరిపిడి తగిలేచోట పాత తాళ్లు, చింకిచాపలు చుట్టేవారు. గాలి బలంగా ఉన్నప్పుడు కొంతసేపటికొకసారి మూర, రెండు మూరల మోకు బయటకు విడిచి, ఒరిపిడి కొత్తచోట పడేట్లు చూసేవారు. ఈ చిన్నపనికి బద్ధకించిన ఓడ తెల్లవారేసరికి ఒడ్డున పడి ఉండడం అరుదు కాదు.

రంధ్రం గుండ లోపలికి వచ్చిన మోకును కట్టేవి రెండు లావుపాటి గుంజలు. అవి పైతట్టులో పాతిన మేకులవంటివి కావు; తట్టు చీల్చుకొని క్రింది అంతస్తు దూలాల వరకు దిగి, నడుమ అడ్డదూలంతో బిగిసి ఉంటాయి. ఓడ ఊపు అంతా చివరకు పడేది ఆ గుంజలమీదనే. గుంజకు చుట్టు వేసిన తరువాత కూడ నమ్మకం చాలదు. తట్టుకు బిగించిన ఇనుపకడియాలనుండి పొట్టితాళ్లు కొన్ని తెచ్చి, వాటి ముడికొనలను మోకుకు కట్టి బిగించేవారు. ఒకటి తెగితే మరొకటి ఆపాలి.

మోకును లోపలికి చుట్టేది నిలువు రాట్నం. దీనిని చూడని తెలుగు విద్యార్థి గానుగను తలచుకొంటే చాలును. నడుమ లావుపాటి నిలువు కొయ్య. దాని తలకు చుట్టూ చదరపు కన్నాలు. ఆ కన్నాలలో బండిచక్రపు ఆకులవలె పొడవైన గడలు. గానుగకు ఎద్దు తిరిగినట్లు, గడ ఒక్కింటికి అయిదారుగురు చొప్పున ఛాతీ ఆనించి మనుష్యులు తిరుగుతారు. పెద్ద ఓడలో నూరుమందికి పైగా ఒక్కసారి తిరిగేవారు. అడుగు తప్పకుండ ఉండడానికి పాట పాడేవారు, ఫిడేలు వాయించేవారు.

ఈ రాట్నం అడుగున చిన్న పట్టుకొయ్యలు ఉంటాయి. రాట్నం ముందుకు తిరిగినప్పుడు అవి టకటకమని ఒక్కొక్క పల్లు దాటుతాయి. వెనుకకు తిరగబోతే అడ్డుపడి ఆపుతాయి. మూరెడు పొడవు లేని ఆ కొయ్య విరిగితే, కెరటానికి ఓడ ఎగిరినప్పుడు రాట్నం వెనుకకు గిర్రున తిరిగి, గడలు మనుష్యులను గడ్డిపోచలవలె విసరివేస్తాయి. ఎముకలు విరిగినవారు, ప్రాణాలు పోయినవారు ఎందరో. సిబ్బంది తక్కువైన సరకు ఓడలలో నిలువు రాట్నానికి బదులు అడ్డరాట్నం ఉండేది. దూలాన్ని అడ్డంగా పరచి, కన్నాలలో గుదియలు దూర్చి, బావి గిలకను తిప్పినట్లు కొంచెం కొంచెం తిప్పేవారు. పని నెమ్మది, కాని పదిమందితో సాగేది.

పెద్ద యుద్ధనౌకలలో మరొక చిక్కు ఉన్నది. రెండడుగుల చుట్టుకొలత గల మోకు రాట్నానికి చుట్టుకోదు. అందుచేత రాట్నానికి ఒక సన్నని తాడును చుట్టి, దానిని కొసలు కలిపిన మాలవలె తిరిగేట్లు చేసి, అసలు మోకును దాని ప్రక్కన చేర్చి చిన్నతాళ్లతో కట్టేవారు. మాల తిరిగినకొద్దీ మోకు దానితో లోపలికి వచ్చేది. ఆ చిన్నతాళ్లను ముందు కట్టి, రాట్నం దగ్గరకు రాగానే విప్పి, మరల ముందుకు పరుగెత్తి కట్టేపనిలో కుర్రవాండ్రను పెట్టేవారు. బడికి పోవలసిన వయస్సు పిల్లలు బురదమోకు ప్రక్కన వంగి పరుగెత్తేవారు.

ఇక చివరి అంకం. లంగరు నీటిపైకి వచ్చినది. దానిని ఇంకా పైకి లాగితే రెక్కలు ఓడ పలకలను గుద్ది బద్దలు చేస్తాయి. అందుచేత ఓడ ముక్కుకు రెండు ప్రక్కల రెండు బలమైన దూలాలను బయటకు చాచి ఉంచేవారు. ఆ దూలాల కొనలో కప్పీలు ఇమిడి ఉంటాయి. ఒక పెద్ద కొక్కెం లంగరు కడియానికి తగిలించి, తాడు లాగితే లంగరు ఓడకు తగలకుండ దూలం క్రింద వ్రేలాడుతుంది. ఇంగ్లీషు నావికులు ఈ దూలాన్ని 'కాట్‌హెడ్', అనగా పిల్లితల అంటారు. దాని కొనమీద సింహం ముఖమో పిల్లి ముఖమో చెక్కడం ఆచారం. తరువాత మరొక కొక్కెంతో లంగరు చేతిని పైకెత్తి, కాడను ఓడ ప్రక్కకు అడ్డంగా తెచ్చి కట్టేవారు. రెక్క ఆనేచోట ఓడ దేహానికి అదనపు పలక తొడిగి ఉండేది.

ఈ సామగ్రులలో ఏదీ ఒంటరిగా ఓడను నిలపలేదు. లంగరు మోకును నమ్ముకొన్నది, మోకు గుంజను నమ్ముకొన్నది, గుంజ దూలాన్ని నమ్ముకొన్నది. దూలం చెడితే నాలుగు టన్నుల ఇనుము కూడ నిష్ప్రయోజనం.

1804, సెప్టెంబరు 15

ఈ సత్యం విశాఖపట్టణం ఎదుట ఒకనాడు ఫిరంగుల సాక్షిగా రుజువైనది. నెపోలియను యుద్ధాల కాలమది. 1804 సెప్టెంబరు 15న సెంచూరియన్ అనే 50 ఫిరంగుల ఇంగ్లీషు యుద్ధనౌక, దాని కాపుదలలో బార్నబీ, ప్రిన్సెస్ షార్లెట్ అనే రెండు వర్తకపు ఓడలు విశాఖ ఎదుట లంగరు వేసి ఉన్నవి. సెంచూరియన్ కప్తాను జేమ్స్ లిండ్ ఆ ఉదయం ఒడ్డున ఉన్నాడు. అంతలో ఫ్రెంచి నౌకాపతి లినోవా మూడు యుద్ధనౌకలతో వచ్చిపడినాడు. వాటిలో మరెంగో ఒక్కటే 74 ఫిరంగులది.

రాట్నం చుట్టి లంగరు తీయడానికి చాల కాలం పడుతుంది. శత్రువు అంత గడువు ఇవ్వడు. కప్తాను లేని సమయాన సెంచూరియన్‌లో ఉన్న లెఫ్టినెంటు ఫిలిప్స్ మోకు నరికించి, తెరచాపలు విప్పించి, ఓడను ప్రక్కకు తిప్పి ఫిరంగులు పేల్చినాడు. బార్నబీ కూడ మోకు తెంచుకొన్నది. కాని దానికి గాలి కలిసిరాలేదు. కెరటాలలో చిక్కి ఒడ్డుకు కొట్టుకొనిపోయి ముక్కలైనది. ప్రిన్సెస్ షార్లెట్ లంగరు వేసినచోటనే ఉండి శత్రువుకు లొంగిపోయినది. ఒకే మోకు, మూడు ఓడలు, మూడు గతులు.

పోరు నడుమ లిండ్ పడవలో ఓడ చేరుకొన్నాడు. మరెంగో మెట్టకు తగులుకొని కొంతసేపు చిక్కుకొన్నది. సెంచూరియన్ ఫ్రెంచివారి పెద్ద ఓడ రాలేని తక్కువ లోతులో మరల లంగరు వేసినది. తరువాత ఆ మోకును కూడ ఫిరంగిగుండు తెంచివేసినది. ఓడ ఒడ్డునున్న ఫిరంగుల అండ తప్పి సముద్రం వైపు కొట్టుకొనిపోసాగినది. అప్పుడు మిగిలిన పెద్ద లంగరు దించినారు. దానిని నావికులు ఆపద్ధర్మంగా దాచుకొంటారు. తక్కినవన్నీ పోయినప్పుడుగాని దించరు. అది పట్టినది. ఓడ నిలిచినది. మధ్యాహ్నానికి లినోవా ప్రిన్సెస్ షార్లెట్‌ను వెంటబెట్టుకొని వెళ్లిపోయినాడు.

చరిత్రకారులు ఈ పోరాటంలో సేనాపతుల సాహసాన్ని, ఫిరంగుల సంఖ్యను లెక్కపెట్టినారు. ఆనాటి మధ్యాహ్నం ఆ ఆఖరి లంగరు మోకును గుంజకు చుట్టిన చేతులెవరివో ఎవరూ వ్రాయలేదు.

టేకు దిగివచ్చిన దారి

సెంచూరియన్ ఇంగ్లండులో కట్టిన ఓడ. ఆంధ్రతీరంలో మన వడ్రంగులు కట్టిన ఓడలు కూడ లెక్కకు మించి ఉండేవి. 17వ శతాబ్దిలో నరసాపురం, మాధవాయపాలెం ఓడల నిర్మాణానికి ప్రసిద్ధికెక్కినవి. ఇంగ్లీషు వర్తకులు తమ ఓడలను అక్కడికి తెచ్చి బాగు చేయించుకొనేవారు. తరువాత ఆ పేరు గోదావరి ముఖద్వారంలోని కొరంగికి, ప్రక్కనున్న తాళ్లరేవుకు వచ్చినది. 1802లో ఎబెనీజర్ రోబక్ అనే ఇంగ్లీషువాడు కొరంగిలో ఓడల మరమ్మతుకు ఒక డాకు కట్టించినాడు. బర్మాలో తెలుగువారికి కొరంగీలనే పేరు వచ్చినదంటే ఆ రేవు ఖ్యాతి ఎంతటిదో ఊహించవచ్చును.

ఓడల నిర్మాణం కొరంగిలోనే ఎందుకు పెరిగినదనే ప్రశ్నకు సమాధానం సముద్రంలో లేదు, కొండలలో ఉన్నది. గోదావరి తూర్పు కనుమలను చీల్చుకొని పాపికొండల నడుమ దిగివస్తుంది. ఆ ఒడ్డుల కొండలలో మేలైన టేకు ఉన్నది. సామర్లకోటలో నివసించి కోరమాండల్ తీరపు మొక్కలను గ్రంథస్థం చేసిన విలియం రాక్స్‌బరో కూడ ఈ గోదావరి టేకును ప్రశంసించినాడు. నరికిన దుంగలను తెప్పలుగా కట్టి ఏటిలో విడిచితే బండి లేకుండ, ఎడ్లు లేకుండ రాజమహేంద్రవరం దాటి సముద్రపుటొడ్డుకు వచ్చేవి. అడవినుండి ఓడ వరకు నది పరచిన బాట అది.

టేకు శ్రేష్ఠత గట్టిదనంలో మాత్రమే లేదు. యూరపులో ఓడలకు వాడే ఓక్ కొయ్యలో ఒక ఆమ్లం ఉన్నది. ఇనుపబోల్టు దానిలో దిగితే కాలక్రమాన తుప్పుపట్టి వదులవుతుంది. టేకులో సహజమైన నూనె ఉన్నది. ఇనుము దానిలో చాలకాలం చెడకుండ ఉంటుంది. లంగరు సామగ్రి అంతా కొయ్యా ఇనుమూ కలిసే చోటులే: గుంజ బోల్టులు, తట్టు కడియాలు, పిల్లితల పట్టీలు. ఆ కలయిక ఎంతకాలం నిలిస్తే ఓడ అంతకాలం నిలుస్తుంది. ఇదే కారణంచేత ఇంగ్లీషు నౌకాదళం బొంబాయిలో టేకుతో ఓడలు కట్టించినది. వాడియా వంశపు నిర్మాత కట్టిన ట్రింకోమలీ అనే ఓడ 1817లో నీటిలో దిగినది. నేటికీ ఇంగ్లండులోని హార్టిల్‌పూల్‌లో తేలుతూ ఉన్నది.

కొండలు ఇచ్చినది కొయ్య ఒక్కటే కాదు. ఉత్తరాంధ్ర కొండలలో గుగ్గిలం చెట్టు ఉన్నది. మన దేశపు ఓడలవారు గుగ్గిలాన్ని నూనెతో మరిగించి పలకల సందులకు, దేహానికి పట్టించేవారు. కొండల క్రింది మైదానంలో జనుము, గోగు పండుతాయి. ఇక్కడి గోగునారకు విదేశపు వర్తకంలో భీమునిపట్టణం పేరే నిలిచినది. కొండలమీద అడ్డతీగ పాకుతుంది. దాని ఆకు విస్తరి అవుతుంది, బెరడు నార అవుతుంది. గోదావరి మన్యంలో ఒక ఊరి పేరే అడ్డతీగల. అడ్డనార మోకు ఎంత బరువు మోయగలదో కొండరెడ్లకు, బగతలకు, కొండదొరలకు ఏ నావికుడూ నేర్పనక్కరలేదు.

ఆ కొండలలో చెట్టు నరికినవారు, దుంగను ఏటివరకు దొర్లించినవారు, తెప్ప నడిపినవారు ఆ ఓడ నీటిలో దిగడం చూసి ఉండరు. ఓడ ఎక్కిన కళాసులకు ఆ గుంజ ఏ కొండ చెట్టో తెలిసి ఉండదు. ఇరువురూ ఒకరినొకరు ఎరుగరు. అయినా గాలివాన రాత్రి కళాసి ప్రాణం ఆ కొండచెట్టు చేవమీదనే ఆధారపడి ఉండేది.

పట్టు తప్పిన రాత్రులు

ఎంత మంచి కొయ్య అయినా, ఎంత లావు మోకు అయినా మనుష్యుని పనికి ఒక హద్దు ఉన్నది. 1789 డిసెంబరులో కొరంగిమీద వచ్చిన తుపానులో మూడు మహాతరంగాలు ఒకదాని వెంట ఒకటి ఊరిని ముంచివేసినవి. ఏటి ముఖాన లంగరు వేసి ఉన్న ఓడలు యానాం చుట్టుప్రక్కల పొలాలలోకి కొట్టుకొనివచ్చి పడినవి. 1839 నవంబరులో అదే తీరాన్ని మరొక ఘోరమైన తుపాను ధ్వంసం చేసినది. కలకత్తాలో ఓడల ప్రమాదాలను విచారించిన హెన్రీ పిడింగ్టన్ కొరంగి ఉప్పెన వృత్తాంతాన్ని తన గ్రంథంలో చేర్చినాడు. ఈ సుడిగాలివానకు 'సైక్లోన్' అనే పేరు పెట్టినవాడు అతడే. ఆ మాట 1848లో అచ్చయినది. ప్రపంచమంతటా వాడే ఆ మాట వెనుక మన తీరపు దుఃఖం కూడ ఉన్నది.

లంగరు తెగిన ఓడ ఒడ్డుకు పడితే దానిలోని సరకు ఎవరిది? ఈ ప్రశ్నకు కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లిలో శిలాక్షరాలతో సమాధానం వ్రాయించినాడు. 1244-45 నాటి ఆ అభయశాసనం ప్రకారం, తుపాను చేత దెబ్బతిని ఒడ్డున పడిన ఓడల సొమ్మును పూర్వపు రాజులు బలవంతంగా తీసికొనేవారు. ఇకమీదట నిర్ణీతమైన సుంకం తప్ప మరేమీ తీసికోరాదు. పట్టు తప్పినవానిని దోచుకోవడం రాజధర్మం కాదని చెప్పిన ఆ శాసనానికి నావికుల గుండెలలో ఎంతటి గౌరవం ఉండి ఉండునో ఊహించవచ్చును.

గొలుసు వచ్చిన తరువాత

19వ శతాబ్ది ఆరంభంలో నారమోకు స్థానంలో ఇనుపగొలుసు వచ్చినది. శామ్యూల్ బ్రౌన్ అనే ఇంగ్లీషు నౌకాధికారి 1808లో గొలుసులతో ఒక ఓడను పరీక్షించినాడు. గొలుసుకు ఒరిపిడి భయం లేదు, రాతిమీద తెగదు, నీటిలో కుళ్లదు. దాని బరువు చేత అది నీటిలో ఉయ్యాలత్రాటివలె వంగి ఉంటుంది. కెరటం ఊపు లంగరుకు చేరకముందే ఆ వంపులో కొంత ఇంకిపోతుంది. తరువాత ఆవిరియంత్రం రాట్నం తిప్పినది. కుర్రవాండ్ర చిన్నతాళ్లు, నూరుమంది గానుగ నడక, ఫిడేలు పాట పోయినవి. అడ్డకొయ్య లేకుండ, కాడ నేరుగా రంధ్రంలోనికే దూరిపోయే లంగరు వచ్చిన పిమ్మట పిల్లితలకు కూడ పని లేకపోయినది.

గోదావరి ఒండ్రు కొరంగి రేవును మెల్లమెల్లగా పూడ్చివేసినది. నేడు కొరంగి అనగానే మడ అడవులు, పక్షులు గుర్తు వస్తాయి గాని ఓడలు గుర్తు రావు. విశాఖలో రేవు తెరచుటకు ముందు కెరటాల తాకిడి ఆపడానికి జేనస్, వెలెడ్‌సన్ అనే రెండు పాత ఓడలను రాళ్లతో నింపి సముద్రంలో ముంచినారు. ఓడలు లంగరు వేసి రక్షణ వెదకుకొన్న చోటనే రెండు ఓడలు తామే గోడలై తక్కినవాటికి రక్షణ అయినవి.

ఓడలు పోవడం కాలధర్మం. వాటి పేర్లు కూడ పోవడం మాత్రం కాలధర్మం కాదు, అది అశ్రద్ధ. పిల్లితలకు, పట్టుకొయ్యకు, తట్టు గుంజకు ఇంగ్లీషులో నిఘంటువులు ఉన్నవి. కొరంగి, తాళ్లరేవు వడ్రంగులు అవే వస్తువులకు తమ నోట ఏ మాటలు వాడినారో వెదకి ఒకచోట చేర్చితే తెలుగు మాటల సంపదలో ఒక మూల నిండుతుంది. తీరంలోని పడవ వడ్రంగుల నోట, ముసలి బెస్తల నోట, మన్యంలో మోకులు పేనే పెద్దల నోట కొన్ని మాటలు ఇంకా ఉండవచ్చును. ఒక పాఠశాల ఒక సంవత్సరంలో ఒక ఊరి మాటలు వ్రాసికొన్నా వ్యర్థం కాదు. పలక, కలం తప్ప దానికి వేరే సాధనం అక్కరలేదు.

అరకునుండి సాయంకాలం తిరిగి వచ్చే బడిపిల్లలు విశాఖ సముద్రతీరానికి పోయి నిలబడినప్పుడు దూరాన దీపాల వరుస కనిపిస్తుంది. అవి లంగరు వేసి వంతు కొరకు వేచి ఉన్న ఓడలు. ఉదయం కొండమీద తమకు ఎదురువచ్చిన ఇనుపరాయి వాటిలో ఒకదానికి చేరవలసి ఉండవచ్చును. ఆ ఓడలమీద కాపలా ఉన్న నావికుడికి ఈనాడు యంత్రాలు తోడున్నవి. అయినా లంగరు పట్టు విడిచినదేమో అని అనుమానం వచ్చినప్పుడు అతడు కూడ ఒకసారి తల ఎత్తి, చీకటిలో నల్లగా నిలిచిన డాల్ఫిన్ నోస్ కొండను, దానిమీది దీపాన్ని చూసికొంటాడు.